పది నిమిషాల పాట, రెండేళ్ల స్కాలర్‌షిప్: శాస్త్రీయ సంగీత పోటీల లెక్క అసలు ఎలా నడుస్తుంది?

ఏడాదికి రెండు మూడుసార్లయినా పేపరు జిల్లా ఎడిషన్‌లో ఈ ఫొటో కనిపిస్తుంది. పట్టుపావడా కట్టుకున్న పాప, భుజాల మీద శాలువా, చేతిలో జ్ఞాపిక, పక్కన నలుగురు పెద్దమనుషులు, కింద ‘కర్ణాటక సంగీతంలో నెల్లూరు చిన్నారికి స్కాలర్‌షిప్’ అని హెడ్డింగు. సాయంత్రానికల్లా ఆ ఫొటో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తుంది, దాని కింద ప్రశ్నలు మొదలవుతాయి. ‘ఏందక్కా, ఇంక పాప సంగీతం ఖర్చంతా వాళ్లదేనా?’ అని ఒకరు. ‘మా వాడికి మొన్న పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది, స్కాలర్‌షిప్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదే’ అని ఇంకొకరు. ‘అదంతా రికమెండేషన్ లెండి’ అని, ఏ గ్రూపులోనైనా ఉండే ఆ మూడో ఆయన.

ముగ్గురూ పొరబడుతున్నది ఒకచోటే. పోటీలో గెలవడం, స్కాలర్‌షిప్ రావడం ఒకే పని అనుకుంటున్నారు. పోటీ తేల్చేది ఇవాళ ఎవరు బాగా పాడారన్నది. స్కాలర్‌షిప్ తేల్చాల్సింది, డబ్బు సాయం చేస్తే నాలుగైదేళ్ల తర్వాత ఎవరు ఎక్కడిదాకా వెళ్తారన్నది. మొదటిదానికి చెవులు చాలు. రెండోదానికి కాస్త జోస్యం కూడా కావాలి. మరి ఈ రెండిటికీ ఆధారం మాత్రం అదే పది నిమిషాల పాట. తికమకంతా ఇక్కడే పుడుతోంది కాబట్టి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

బహుమతి వేరు, స్కాలర్‌షిప్ వేరు, గ్రేడు ఇంకా వేరు

నగదు బహుమతి అంటే అయిపోయిన పాటకు ఇచ్చేది. త్యాగరాజ ఆరాధనకో, దసరాకో, శ్రీరామనవమికో మన ఊళ్లలో సభలు, గుళ్లు పెట్టే పోటీల్లో ఇచ్చేది ఇదే. పాడావు, గెలిచావు, తీసుకో, అంతటితో సరి. ఆ డబ్బుతో వీణకు తంత్రులు కొంటావా, సైకిలు కొంటావా అని అడిగేవాళ్లు ఉండరు.

స్కాలర్‌షిప్ ఇకముందు నేర్చుకోబోయేదానికి ఇచ్చేది. అందుకే దానికి షరతులుంటాయి: వయసు, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, ఎన్నాళ్ల నుంచి, ఆపేస్తే ఏమిటి, ఆరు నెలలకో ఏడాదికో ప్రగతి నివేదిక. డబ్బు ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. ఫెలోషిప్ దీనికి పైమెట్టు. నేర్చుకోవడం దాదాపు పూర్తయి, ఒక అంశం మీద లోతుగా పనిచేసేవాళ్లకు. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లకు నెలకు 10,000 రూపాయల చొప్పున, 40 దాటినవాళ్ల సీనియర్ ఫెలోషిప్ నెలకు 20,000 చొప్పున, రెండూ రెండేళ్లపాటు.

గ్రేడు అనేది ఆకాశవాణి మాట. ఆడిషన్లో నెగ్గితే బి, బి-హై, ఎ, టాప్ అని కళాకారులకు గ్రేడులిస్తారు, దాన్నిబట్టి రేడియోలో కచేరీలు, వాటికి పారితోషికం. ఇది స్కాలర్‌షిప్ కాదు, అర్హతకు ముద్ర. కానీ పాత తరం మాష్టార్లు ఇప్పటికీ ‘పోటీలెందుకమ్మా, ముందు రేడియో గ్రేడు తెచ్చుకో’ అంటుంటారు. వాళ్ల దృష్టిలో బరువంతా దానిదే మరి.

ఇవన్నీ కలగలిసిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని ట్రస్టులు, ప్రవాస తెలుగు సంఘాలు పోటీ పెట్టి, మొదటి స్థానం వచ్చినవాళ్లకు ఒకేసారి ఇచ్చే డబ్బును కూడా ‘స్కాలర్‌షిప్’ అనే పిలుస్తాయి. తప్పేమీ లేదు, ఆ డబ్బు ఎవరికి చేదు? చదివేవాడికి మాత్రం అది ఏటా వచ్చేదో ఒక్కసారి వచ్చేదో హెడ్డింగు చూస్తే తెలియదు.

ప్రభుత్వ పథకాలు రెండు, వాటి మధ్య నాలుగేళ్ల ఖాళీ

కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ అనే సంస్థ ఉంది, సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో, ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది ఇచ్చేదే కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్, 1982 నుంచి నడుస్తోంది. దేశం మొత్తానికి ఏడాదికి 650. వినడానికి పెద్ద సంఖ్యే గానీ ఇందులో కర్ణాటకం, హిందుస్తానీ, నాట్యాలు, నాటకం, చిత్రలేఖనం, హస్తకళలు అన్నీ కలిసే ఉన్నాయి. 650లో 375 జనరల్, 125 గిరిజన పిల్లలకు, 100 సంప్రదాయ కళలు నమ్ముకున్న కుటుంబాల పిల్లలకు, 30 రచన వైపు, 20 దివ్యాంగులకు. ఆ వంద సంగతి గుర్తుపెట్టుకోండి, ఒంగోలు దగ్గరి కరవది నాదస్వరం మాట వచ్చినప్పుడు మళ్లీ వస్తుంది.

ఇందులో ఒకసారి ఎంపికైతే రెండేళ్లకోసారి పొడిగిస్తూ 20 ఏళ్లు వచ్చేదాకానో మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకానో కొనసాగించే వీలుంది. అంటే 12 ఏళ్లకు దొరికితే ఎనిమిదేళ్లు రావచ్చు. పత్రికలో ఫొటో వచ్చిన పాపది ఈ స్కాలర్‌షిపే అయితే, అసలు విలువ ఆ ఏడాది మొత్తంలో లేదు, ఈ పొడిగింపులో ఉంది. హెడ్డింగులో అది ఎప్పుడూ రాదు.

రెండోది యువ కళాకారుల స్కాలర్‌షిప్. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు, ఏడాదికి 400 మందికి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. నెలనెలా పడదు, ఆరు నెలలకు ఒకటి చొప్పున నాలుగు విడతలు, అంటే విడతకు 30,000, మొత్తం 1,20,000. అప్లై చేసేనాటికి గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్ల శిక్షణ ఉండాలి.

ఇప్పుడు ఈ రెండు వయసులూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి కొత్తగా చేరే గడువు 14కి ముగుస్తుంది. రెండోది 18కి మొదలవుతుంది. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఇంతకుముందే ఎంపికై ఉంటే తప్ప ఈ రెండిట్లోనూ కొత్తగా అడుగుపెట్టలేరు. మన దగ్గర పిల్లలు సంగీతం మానేసేది సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే! నెల్లూరు, ఒంగోలుల్లో పిల్లల్ని పెంచిన ఎవరికీ ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పదో తరగతి అనగానే సాయంత్రం పాఠం ఆదివారానికి మారుతుంది, ఇంటర్ అనగానే హాస్టలు, హాస్టల్లో ఉదయం స్టడీ అవర్ మొదలుకుని రాత్రి స్టడీ అవర్ దాకా జేఈఈ, నీట్, ఈఏపీసెట్. పక్క మంచం వాడు చదువుకుంటుంటే శ్రుతి పెట్టుకుని ఆకార సాధన ఎలా చేస్తాడు? ఆ రెండేళ్లు గొంతు మూలపడితే 18 ఏళ్లకు ‘ఐదేళ్ల శిక్షణ’ అని రాసుకోవడం కాగితం మీద కుదురుతుందేమో గానీ, ఎంపిక కమిటీ ముందు కూర్చుని రాగం ఎత్తుకున్న అర నిమిషంలో బయటపడుతుంది.

మగపిల్లలకైతే ఇంకో చిక్కు. గొంతు మారే వయసు కూడా దాదాపు అప్పుడే. 12 ఏళ్లకు ఐదు శ్రుతిలో, అంటే హెచ్చు స్థాయిలో, గలగలా పాడిన అబ్బాయి 14కి వచ్చేసరికి పైషడ్జం (పై ‘స’) అందక, కింద నిలవక, రెండిటికీ మధ్య ఊగుతుంటాడు. కొందరు గురువులు ఆ ఏడాది పాట తగ్గించి వయొలిన్ మీదకో మృదంగం మీదకో మళ్లిస్తారు. పొడిగింపు కోసం ప్రగతి చూపించాల్సిన సమయంలో ప్రగతి ఆగినట్టు కనిపించడం సహజమే, అది పిల్లాడి తప్పు కాదు, బద్ధకం అంతకన్నా కాదు.

ఒక ఇంటి లెక్క వేసి చూస్తే

‘ఇంక ఖర్చంతా వాళ్లదేనా’ అన్న ప్రశ్నకు వద్దాం. చిన్నపిల్లల స్కాలర్‌షిప్‌లో ఇచ్చేది ఏడాదికి 3,600 రూపాయలు, దాంతోపాటు గురువుకు నిజంగా కట్టిన ఫీజు, గరిష్ఠంగా 9,000 దాకా. రెండూ కలిపితే ఏడాదికి 12,600 మించదు.

ఉదాహరణకు నెల్లూరు మూలాపేటలో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, మీ ఇంట్లో ఎక్కువో తక్కువో ఉండొచ్చు. ఊళ్లో గురువుగారికి నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. పోటీలకు దరఖాస్తు ఫీజులు, పక్కవాయిద్యాలవాళ్లకు ఇచ్చేది, అన్నీ కలిపి 8,000. మొత్తం 20,000. ఇక్కడ 12,600 వస్తే మూడింట రెండొంతులకు కాస్త తక్కువ, అంటే నిజంగానే భారం దిగినట్టు.

ఇప్పుడు అదే కుటుంబం నెలకు రెండుసార్లు చెన్నైలో ఇంకో గురువు దగ్గరికి కూడా తీసుకెళ్తోందనుకోండి. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు వాళ్లకైతే దాదాపు 300. పాప ఒక్కతే వెళ్లలేదు, అమ్మ వెంట ఉండాలి. ఇద్దరికీ రానుపోను టికెట్లు, సెంట్రల్లో దిగాక ఆటో, మధ్యాహ్నం భోజనం కలిపి ట్రిప్పుకు వెయ్యి అనుకుంటే ఏడాదికి 24,000. అక్కడి ఫీజు క్లాసుకు 700 చొప్పున 16,800. ముందు 20,000 కలిపితే 60,800. అదే 12,600 ఇక్కడ ఐదో వంతు. ఒకే స్కాలర్‌షిప్, ఒక ఇంటికి ఊరట, ఇంకో ఇంటికి చెన్నై ప్రయాణాల ఖర్చులో సగం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కట్టిన ఫీజుకే డబ్బిస్తామంటే కట్టినట్టు కాగితం ఉండాలి కదా. మన దగ్గర చాలామంది గురువులు నెలనెలా ఫీజు అని తీసుకోరు. విజయదశమికో గురుపూర్ణిమకో తాంబూలంలో పెట్టిచ్చింది తీసుకుంటారు, కొందరు అదీ వద్దంటారు. వాళ్ల దగ్గరికి పోయి ‘అయ్యగారూ, రశీదు ఇవ్వండి’ అని అడగడానికి తల్లిదండ్రులకు నోరు రాదు. ఉచితంగా చెప్పే మంచి గురువు దగ్గర నేర్చుకునే పిల్లకు వచ్చేది 3,600, ఫీజు కట్టి నేర్చుకునే పిల్లకు 12,600. నిబంధన సబబే, ఖర్చయినదానికే ఇస్తున్నారు. కాకపోతే ఆ పెద్దాయన మీద ఎవరూ ఒక్క రూపాయి పెట్టడం లేదు, అది వేరే విషయం.

పన్ను గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. చదువు, శిక్షణ ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను లేదు. టీవీ పాటల పోటీలో గెలిచిన నగదు మీద మాత్రం 30 శాతం ఉంది. మైనరు తన సొంత ప్రతిభతో సంపాదించింది తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు.

ఆ పది నిమిషాల్లో జడ్జీలు ఏం వింటారు

పోటీ జరిగే హాలు ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం. వేదిక మీద ఒక వయొలిన్, ఒక మృదంగం, పొద్దుటి నుంచి వాళ్లే. ఒక్కో పిల్లకు ఒక్కో శ్రుతి. ఐదున్నరలో పాడే అమ్మాయి దిగగానే ఒకటిన్నరలో పాడే అబ్బాయి ఎక్కుతాడు. వయొలిన్ ఆయన బిరడాలు తిప్పుకుంటూ ఉంటాడు, మృదంగం ఆయన హెచ్చు శ్రుతిది పక్కన పెట్టి తగ్గు శ్రుతి మృదంగం ఒళ్లోకి తీసుకుని, రాయి పెట్టి అంచు మీద టక్ టక్‌మని తట్టి సరిచూసుకుంటాడు. అబ్బాయి ఫోన్లో తంబురా యాప్ నొక్కితే దాని స్పీకరు సగం హాలుకు కూడా వినపడదు. మొదటి వరసలో వాళ్లమ్మ ఒళ్లో చేతులు దాచుకుని ఆదితాళం వేస్తూ ఉంటుంది. ఆ చెయ్యి పిల్లాడికి కనపడకూడదు, కనపడితే సాయం చేసినట్టు! ఎనిమిదో నిమిషంలో ఒక గంట, పదో నిమిషంలో ఇంకో గంట.

జడ్జీలు సాధారణంగా చూసేవి నాలుగు: శ్రుతి, లయ, పాఠాంతరం-సాహిత్యం, మనోధర్మం. శ్రుతి, లయల దగ్గర పెద్దగా గొడవలుండవు, తప్పితే తప్పినట్టు అందరికీ వినపడుతుంది. వర్ణం అనే అభ్యాస రచనను రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడిస్తే సగం తేలిపోతుంది. పాఠాంతరం, అంటే గురువు దగ్గర నేర్చుకున్న పాట రూపం, దగ్గరికి వచ్చేసరికి తేడాలు మొదలవుతాయి. ఒకే కృతికి ఒక్కో గురుపరంపరలో ఒక్కో సంగతి (పాట పంక్తిని మార్చి పాడే తీరు), ఒక్కోసారి స్వరం కూడా మారుతుంది. చెన్నై బాణీ విన్న జడ్జికి మన వైపు పాఠం తప్పుగా అనిపించవచ్చు, ఇటు నుంచి అటు కూడా అంతే. సాహిత్యం సంగతి ఇంకా తమాషా. త్యాగరాజు పూర్వీకుల ఊరు కంభం ప్రాంతంలోని కాకర్ల అని మనం గర్వంగా చెప్పుకుంటాం, ఆయన కృతుల్లో ఎక్కువ భాగం తెలుగే, ఆ లెక్కన మన పిల్లలకు ఇక్కడ పూర్తి మార్కులు రావాలి. కానీ ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది సాహిత్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటున్నారు, అక్కడ ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా పోతోంది. కొందరు తమిళ పిల్లలు తెలుగు లిపి నేర్చుకుని మరీ పాడుతున్నారు, వాళ్లకు నమస్కారం.

అసలు విషయమంతా నాలుగోదాంట్లో ఉంది. మనోధర్మం అంటే అప్పటికప్పుడు ఊహించి పాడటం: రాగాలాపన, నెరవు (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా పాడటం), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు). స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు వెతికేది ఎక్కువగా ఇదే, ఎందుకంటే కంఠతా పట్టిన కృతిలో గురువు కష్టం కనిపిస్తుంది, స్వరకల్పనలో పిల్ల బుర్ర కనిపిస్తుంది. ఈ సంగతి కోచింగ్ ఇచ్చేవాళ్లకూ తెలుసు. అందుకే కల్పనస్వరాలు కూడా రాసిచ్చి బట్టీ పట్టిస్తారు. దానికి విరుగుడుగా అనుభవమున్న జడ్జి ఏం చేస్తారంటే, పిల్ల పల్లవి మొదట్లో స్వరం వేయడానికి సిద్ధమై వచ్చిందని కనిపెట్టి, ‘బాగుందమ్మా, ఇప్పుడు అనుపల్లవిలో ఎత్తుకో చూద్దాం’ అంటారు. ఎత్తుగడ మారేసరికి బట్టీ పట్టిందంతా పనికిరాదు. అక్కడ తడబడినా రెండు చిన్న సరైన స్వరాలు వేసి తాళానికి వచ్చి కూర్చునే పిల్ల ఒకవైపు, అంతకుముందు అద్భుతంగా పాడి ఇక్కడ నోరు మూసుకున్న పిల్ల ఇంకోవైపు. పోటీ ప్రశ్నకు జవాబు రెండో పిల్ల, స్కాలర్‌షిప్ ప్రశ్నకు జవాబు మొదటి పిల్ల. వాట్సాప్‌లో ‘మా వాడికి ఫస్ట్ వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదే’ అన్నదానికి చాలాసార్లు కారణం ఇంతే.

నేర్చుకోవడానికి వెళ్లిన మనిషిలో ఇంకేదో కనిపించడం అనేదానికి మన తెలుగు నేలలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు తర్వాత గొప్ప వయొలిన్ విద్వాంసుడిగా పేరుపొందిన ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్లారట. ఆయన వయొలిన్ విని ప్రిన్సిపాల్, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఆయన్ను అధ్యాపకుడిగా వేసుకున్నారు. అప్పటికి నాయుడుగారికి 26 ఏళ్లు. అక్కడ మార్కుల కాగితం లేదు, వినేవాడు నారాయణదాసు. ఇప్పుడు వందమంది పిల్లలకు, ముగ్గురు జడ్జీలకు, ఒక రోజుకు ఆ పద్ధతి పెడితే రికమెండేషన్ అని ఎంత గోల జరుగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే మార్కులొచ్చాయి.

మార్కులు కూడితే ఒకరు, ర్యాంకులు చూస్తే ఇంకొకరు

మార్కులొచ్చాక గోల తగ్గిందా అంటే, రకం మారింది. ఒక లెక్క చూడండి. కావలి అమ్మాయి, ఒంగోలు అబ్బాయి, ముగ్గురు జడ్జీలు, ఒక్కొక్కరి దగ్గర వంద మార్కులు. మొదటి జడ్జి అమ్మాయికి 82, అబ్బాయికి 78 వేశారు. రెండో జడ్జి 80, 77. మూడో జడ్జికి అమ్మాయి పాఠాంతరం నచ్చలేదు, ఆమెకు 60, అబ్బాయికి 75.

కూడండి. అమ్మాయికి 222, అబ్బాయికి 230. అబ్బాయి గెలిచాడు. కానీ ముగ్గురిలో ఇద్దరు అమ్మాయే మేలన్నారు! అదే ర్యాంకులు వేసి కూడితే అమ్మాయికి ఒకటి, ఒకటి, రెండు కలిపి 4, అబ్బాయికి రెండు, రెండు, ఒకటి కలిపి 5. తక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు కాబట్టి అమ్మాయి. పై మార్కు, కింది మార్కు కొట్టేసి మధ్యది తీసుకుంటే అమ్మాయికి 80, అబ్బాయికి 77, మళ్లీ అమ్మాయే.

మోసం ఎవరూ చేయలేదు. చాలామంది జడ్జీలు 75కీ 85కీ మధ్యే మార్కులు వేస్తారు, ఒకరు 50 నుంచి 90 దాకా పరిచి వేస్తారు. కూడినప్పుడు ఆ ఒక్కరి మాటకే బరువెక్కువ. అలాగని ర్యాంకుల పద్ధతి మేలని తేల్చలేం. అందులో అరమార్కు తేడా, ముప్పై మార్కుల తేడా రెండూ ఒకటే అయిపోతాయి. ఒక పిల్ల నిజంగా మిగతావాళ్లకంటే ఎంతో ముందుంటే ఆ సంగతి ర్యాంకులో కనిపించదు. ఎవరు జడ్జి, ఏ పద్ధతిలో కూడతారు అన్నది పోటీకి ముందే ప్రకటించే నిర్వాహకులున్నారు, ప్రకటించనివాళ్లూ ఉన్నారు. ఫలితాల తర్వాత గొడవ ఎక్కువగా జరిగేది రెండోచోటే. శిష్యులు పోటీలో ఉంటే ఆ జడ్జి మార్కులు వేయకుండా తప్పుకోవడం కొన్నిచోట్ల నియమం. జిల్లా స్థాయిలో అది అమలు చేయడం కష్టం, ఎందుకంటే ఊళ్లో ఉన్న పెద్ద విద్వాంసులే నలుగురు, పాడే పిల్లలు ఆ నలుగురి శిష్యులే.

పోటీలు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు

వద్దనేవాళ్ల మాటలో బలముంది. పోటీకి మూడు కృతులు ఏడాదంతా తోముతారు, ఆ మూడూ వేగంగా, చిట్టస్వరాలతో (ముందే కూర్చిపెట్టిన స్వరాలతో), విన్నవెంటనే చప్పట్లు పడేవి. నిదానంగా, విలంబ కాలంలో నిలబెట్టి పాడేది, తోడి రాగంలో గాంధారం దగ్గర ఓపిగ్గా కూర్చునేది పోటీలో మార్కు తేదు కాబట్టి నేర్పరు. ఇలా పెరిగిన పిల్లకు పదహారేళ్లకు షీల్డులతో అద్దాల బీరువా నిండుతుంది గానీ గంట కచేరీ చేయమంటే సరుకుండదు. ఓడిన పిల్లల సంగతి సరేసరి. పదేళ్ల పిల్లకు ఆ టెన్షన్ ఎందుకని అడిగే గురువును నేను తప్పుపట్టలేను.

కావాలనేవాళ్ల మాట చెన్నైలో ఒకలా వినిపిస్తుంది, మన దగ్గర ఇంకోలా. చెన్నైలో పిల్లకు పోటీ లేకపోయినా డిసెంబరు కచేరీల సీజన్ వస్తే పాడే అవకాశాలు దొరుకుతాయి, వినే చెవులున్నాయి. మన నెల్లూరు టౌన్‌హాల్లో శాస్త్రీయ కచేరీ పెడితే ముందు వరసలు నిండటమే గగనం. పోటీ లేకపోతే ఆత్మకూరులోనో కందుకూరులోనో పాడే పిల్ల గురించి బయటివాళ్లకు తెలిసే దారేది? ఆ దారి విలువ ఏమిటో మన జిల్లావాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. 1966లో ఎస్పీ కోదండపాణి సంగీతంలో మొదటి సినిమా పాట. ఆ పోటీ ఆయనకు ఇచ్చింది బహుమతి డబ్బు కాదు, వినాల్సినవాళ్ల చెవిన వేయడం.

నా మట్టుకు నాకు, చిన్న ఊళ్ల వరకు రెండో వాదనే ఎక్కువ నిలుస్తుందనిపిస్తుంది, ఆ మూడు కృతుల జబ్బు మాత్రం నిజం. కొందరు నిర్వాహకులు దీనికి మందు కనిపెట్టారు. పది కృతుల జాబితా ఇమ్మంటారు, అందులోంచి జడ్జి అడిగింది పాడాలి. పది నేర్చుకున్న పిల్లకూ మూడు తోమిన పిల్లకూ తేడా అక్కడే తెలుస్తుంది.

కరవది నాదస్వరం ఏ పోటీకి వెళ్లాలి?

ఇంతసేపూ గాత్రం, వయొలిన్ గురించే మాట్లాడాం, పోటీలూ అలాగే ఉంటాయి. నాదస్వరం, డోలు విభాగాలు లేని పోటీలే ఎక్కువ. ఇది మన ప్రాంతానికి చిన్న విషయం కాదు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. తంజావూరు బాణీ మీద మోజుతో తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పరంపరలో ఇప్పటికీ గుళ్లలో, పెళ్లిళ్లలో వాయించుకుని బతికే కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు ఆరేళ్లకే ఒత్తు అనే వాయిద్యం పట్టుకుని శ్రుతి ఇస్తూ పెరుగుతారు, పదేళ్లకు చిన్న కృతులు వాయిస్తారు. సంగీతంలో వాళ్ల వయసు పిల్లల కంటే ముందుంటారు, దరఖాస్తు నింపడంలో వెనకుంటారు. ఆధార్, స్కూలు సర్టిఫికెట్, గురువు సంతకం అన్నప్పుడు, గురువు తండ్రే అయినప్పుడు ఫీజు గడిలో ఏం రాయాలో తెలియక ఆగిపోతారు. ఇందాక చెప్పిన 650లో 100 వీళ్లలాంటి పిల్లల కోసమే. పెళ్లి ముహూర్తాల సీజన్లో పిల్లాణ్ణి ఎంపిక పరీక్షకు తీసుకెళ్తే తండ్రికి ఆ రోజు మేళం పోతుంది. ఆ నష్టం ఏ పథకం లెక్కలోనూ ఉండదు.

వీడియో రౌండు వచ్చాక మారినవి

కరోనా తర్వాత చాలా పోటీల్లో మొదటి వడపోత వీడియో మీదే జరుగుతోంది. అమెరికాలో 1978 నుంచి జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం పోటీల గురించి కూడా ఇక్కడి పిల్లలు ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెలుసుకుంటున్నారు. ఉదయగిరిలో ఉన్న పిల్ల బస్సెక్కకుండా, అమ్మ కూలి పోగొట్టుకోకుండా మొదటి రౌండులో పాడగలగడం ఇంతకుముందు లేని సంగతి.

కానీ వీడియోలో గది కూడా పాడుతుంది. ఒకరు స్టూడియోలో మంచి మైకు పెట్టి, పద్నాలుగోసారి బాగా వచ్చిన దాన్ని పంపుతారు. ఇంకొకరు వంటింటి పక్క గదిలో ఫ్యాను ఆపి, కుక్కరు విజిల్ రాకముందే ముగించి పంపుతారు. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఫోన్లలోనే దొరుకుతోంది. అందుకని కోతలు లేని ఒకే షాట్ కావాలని, ముఖం, తాళం వేసే చెయ్యి కనపడాలని, పక్కవాయిద్యాలు వద్దు తంబురా ఒక్కటి చాలని కొందరు నిర్వాహకులు నిబంధనలు పెడుతున్నారు. పక్కవాయిద్యాలు వద్దనడంతో ఖర్చు తగ్గింది, చిన్న ఊళ్ల పిల్లలకు అది మేలే. ఇంతకాలం ఆ పోటీల సీజన్ మీద ఆధారపడిన మన ఊరి వయొలిన్, మృదంగం కళాకారులకు మాత్రం ఆ రోజుల్లో వచ్చే నాలుగు డబ్బులూ పోయాయి, ఇప్పుడు వాళ్లకు పిలుపు వచ్చేది ఫైనల్స్‌కే.